ఎంత దూరం నుంచి తీస్తవు?

"ఎంత దూరం నుంచి తీస్తవమ్మా?" అని అడిగాడు దేవన్న.

లెన్స్ కొనడానికి వచ్చిన ఎవరినైనా ఆయన మొదట అడిగేది అదే. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పాతికేళ్ళుగా కెమెరాలు అమ్ముతున్నాడు. ఈమధ్య పక్క గది కూడా తీసుకుని లాప్‌టాప్‌లు పెట్టాడు. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు వచ్చి "మంచి లెన్స్ ఇయ్యన్నా" అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. మంచి లెన్స్ అని ఏదీ ఉండదు, నువ్వు నిలబడే చోటికి ఏది సరిపోతే అదే మంచిది అంటాడు. ఈ ఉపన్యాసం నేను ఇదే స్టూలు మీద కూర్చుని నాలుగైదు సార్లు విన్నాను. అప్పుడు పక్కన రాజేశం ఉండేవాడు.

రాజేశం నా భర్త. ఎల్లారెడ్డిలో మా ఇద్దరిదీ ఫొటో స్టూడియో. శ్రావణంలో డెంగీ వచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. ఇప్పుడు మార్గశిరం.

"దూరం నుంచే," అన్నాను.

"దూరమంటే ఎంత? ఇరవై ఫీట్లా, అరవై ఫీట్లా?"

"వాళ్ళు ఎంత దూరం ఉండుమంటే అంత."

దేవన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది.

దూరం ఉండమన్నది లింగంపేట వెంకటి బాపు. ఆయన తమ్ముడి కూతురు సుష్మితకు పెళ్ళి. ఆ పెళ్ళి ఫొటోలు తీస్తానని రాజేశం ఎండాకాలంలోనే మాట ఇచ్చాడు. నాలుగు రోజుల క్రితం వెంకటి స్టూడియోకు వచ్చి, "పద్మా, రాజేశం ఒప్పుకున్న లగ్గం. నువ్వే చెయ్యాలె. వేరేటోల్లకు ఇయ్యను," అన్నాడు. ఆ మాట అనడం ఆయన మంచితనమే, కాదనను. తర్వాత మంచినీళ్ళు తాగి, ఖాళీ గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒక్కటే సంగతి. తప్పు వట్టకు. పుస్తెలు కట్టేటప్పుడు నువ్వు పందిట్లకు రావద్దు. పిలగాని దిక్కోల్లు జర పట్టింపుల మనుషులు. లాంగు లెన్సులుంటయి గదా, పులుల ఫొటోలు తీస్తరు సూడు, గట్లాంటిది పెట్టి యెనుకకెల్లి తియ్."

"సరే," అన్నాను.

పులి దగ్గరికి పోరాదనేది అది మీద పడుతుందని. నేనేం చేస్తానని వీళ్ళకు భయమో అడగాల్సింది. అప్పుడు తోచలేదు. ఈ నాలుగు నెలలుగా నాకు ఏ సంగతైనా గంట ఆలస్యంగానే తోస్తోంది. ఎవరేమన్నా ముందు సరే అనేస్తున్నాను. పదకొండో రోజు ఫ్లెక్సీకి రాజేశం ఆధార్ ఫొటో చాలు అన్నారు, సరే అన్నాను. గాజులు తీయాలన్నారు, సరే అన్నాను. బాధతో కాదు. బాధ ఉంటే ఎవరితోనైనా పోట్లాడేదాన్ని. లోపల ఏమీ లేదు, అంతే.

మర్నాడు సుష్మిత వచ్చింది. కామారెడ్డిలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే పిల్ల. తండ్రి పోయి పన్నెండేళ్ళు. తల్లి శాంతవ్వ బీడీలు చుట్టి పెంచింది. పెళ్ళిలో కాళ్ళు కడిగేది మాత్రం పెద్దనాన్న వెంకటి, ఆయన భార్య.

"అక్కా, పుస్తెలు కట్టేటప్పటి ఫొటోల మా అమ్మ ఉండాలె. ఒక్క ఫొటో చాలు."

"మీ అమ్మ వస్తదా పందిట్లకు?"

"రాదు. బువ్వల కాడ ఉంటదట. ఎంత చెప్పినా వింటలేదు. రాజేశమన్నకు అప్పుడే చెప్పిన. నేను చూసుకుంట తియ్ అన్నడు."

"ఎట్ల చూసుకుంట అన్నడు?"

"అది చెప్పలే."

నాకూ చెప్పలేదు. మాట ఇవ్వడం ఆయన పని, నిలబెట్టడం నా పని అన్నట్టే మా సంసారం నడిచింది. సుష్మితకు కూడా సరే అన్నాను. అలా, పందిట్లోకి రానని ఒకరికి, పందిట్లో లేని తల్లిని పందిరి ఫొటోలోకి తెస్తానని ఇంకొకరికి ఒప్పుకుని దేవన్న దుకాణానికి వచ్చాను.

"పాత లాంగు లెన్సు ఉండాలె గదా రాజేశంది?" అన్నాడు దేవన్న.

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన ఫోను టార్చ్ వేసి లెన్స్‌లోంచి చూశాడు, నాకూ చూపించాడు. లోపలి అద్దం మీద సన్నటి బూజు దారాలు.

"వానలల్ల బ్యాగులనే ఉన్నదా?"

"ఉన్నది."

"తీసి ఎండకు పెట్టాలెనని నీకు తెల్వదా పద్మా?"

"తెలుసు."

ఆ బ్యాగు శ్రావణం నుంచి తలుపు వెనక కొక్కేనికే వేలాడింది. రోజూ దాని పక్కనుంచే పోయాను, వచ్చాను. లాప్‌టాప్ సంగతీ అంతే. బ్యాటరీ ఉబ్బి కింది పలక లేచిపోయేదాకా దాని మూత తెరవలేదు.

దేవన్న అద్దాల బీరువాలోంచి ఒక జూమ్ లెన్స్ తీశాడు. యాభై అయిదు నుంచి రెండు వందల యాభై మిల్లీమీటర్లు. "మీది చిన్న సెన్సారు కెమెరా. నీకు కొత్తగ చెప్పేదేమున్నది, అంచులన్ని కోసేస్తది. యాభై పెడితే ఎనభై లెక్క కనవడ్తది. గీ రెండు నూర్ల యాభై అయితే నాలుగు నూర్ల లెక్క. దూరంకెల్లి తీసెటోల్లకు లాభమే."

కెమెరాకు పెట్టి దుకాణం గుమ్మంలో నిలబడి చూశాను. రోడ్డుకు అవతల జామకాయల బండి దగ్గర ఒక ముసలమ్మ ఉంది. జూమ్ లాగితే ఆమె ముక్కుపుల్ల కనిపించింది, పై పెదవి మీది చెమట కనిపించింది. బండి కనిపించలేదు, రోడ్డు కనిపించలేదు. ఆమె ఏం అమ్ముతోందో ఈ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. వెంకటి అడిగింది సరిగ్గా ఇదే. హాలు చివర నుంచి సుష్మిత మెడ మీది పుస్తెలు తీయొచ్చు. ఇందులో శాంతవ్వ మాత్రం ఎక్కడా పట్టదు.

"ఇంకోటి చూపియ్యి. బాగ వెడల్పుది."

"వెడల్పుదా? దూరంకెల్లి అంటివి గద?"

అయినా తీశాడు. పది నుంచి పద్దెనిమిది. అరచేతిలో ఇమిడే చిన్న లెన్స్. మా కెమెరాకు ఉన్నవాటిలో ఎక్కువ మేర పట్టేది అదే. అదే గుమ్మంలో నిలబడి చూస్తే రోడ్డు రోడ్డంతా వచ్చింది. పక్కన నిలబడ్డ దేవన్న మోచేయి పెద్దగా ఒక మూలన ఉంది. ముసలమ్మ బండితో సహా గోరంత అయి రెండో మూలన ఉంది. ఇద్దరూ ఒకే ఫొటోలో ఉన్నారు.

హాలు చివర శాంతవ్వ వెనక నేను నిలబడితే ఆమె భుజం దగ్గరగా, పందిరి దూరంగా రెండూ పడతాయి. లెక్క సరిపోయింది.

"గిదే తీసుకుంట."

"పద్మా, గంత దూరంకెల్లి గిది పెడితే పెండ్లిపిల్ల పెసరగింజంత కనవడ్తది. పుస్తెలు కనవడనే కనవడయి. ఎంకటి ఊకుంటడా?"

ఊరుకోడు. పెళ్ళి ఆల్బమ్‌లో పుస్తెల ఫొటో లేకపోతే ఎల్లారెడ్డిలో నన్ను ఇంకెవరూ పిలవరు. నా దగ్గర మిగిలింది కెమెరాతో వచ్చిన మామూలు లెన్స్ ఒకటి. దానితో పుస్తెలు తీయాలంటే పందిట్లోకి పోవాల్సిందే. రెండు కొత్త లెన్స్‌లు కొనే స్తోమత లేదు, లాప్‌టాప్ ఎలాగూ తప్పదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ చిన్న లెన్స్‌నే బిల్లు చేయమన్నాను. ధైర్యం అనుకునేరు. భయపడటానికి కూడా లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

లాప్‌టాప్‌ల గదిలో దేవన్న ముందు ఒక ఆటల లాప్‌టాప్ చూపించాడు. మీటల కింద ఎర్ర దీపాలు. "పదహారు జీబీ ర్యామ్, నీ ఆల్బం సాఫ్ట్‌వేర్ ఉర్కుతది," అన్నాడు. రెండోది చూడటానికి సాదాగా ఉంది, ర్యామ్ అంతే, దీపాలు లేవు. ఉరకడం ఒక్కటే చాలదు. తెర రంగులు నిజం చెప్పాలి. పసుపు ఆకుపచ్చ కొడితే, కుంకుమ ఇటుకపొడిలా వస్తే, అచ్చయి వచ్చాక ఆల్బమ్ మన మొహాన కొడతారు. అందుకే పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాను.

దానిలో నాకు దొరికింది ఒకే ఫొటో. పోయిన మాఘంలో గాంధారిలో తీసింది. పెళ్ళికూతురు అద్దం ముందు కూర్చుని జడ వేయించుకుంటోంది. అద్దంలో ఆమె వెనక రాజేశం. కెమెరా ముఖానికి అడ్డం ఉంది. కనిపించేది రెండు చేతులు, మెరూన్ చొక్కా.

ఆటల లాప్‌టాప్‌లో తెరిచాను. చొక్కా ఇటుక రంగులో వచ్చింది. సాదా దాంట్లో తెరిచాను. మెరూన్, కాలరు దగ్గర వెలిసి కొంచెం లేతగా ఉన్న చోటుతో సహా. ఆ చొక్కాను ఎన్నిసార్లు ఉతికానో నాకే తెలియదు. దాని రంగు నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

దేవన్న నా వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"గిది సరిగ్గ చూపిస్తున్నది. గిదే ఇయ్యి," అన్నాను.

ఎల్లారెడ్డి బస్సులో లాప్‌టాప్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక, తాడ్వాయి దాటాక తోచింది. చనిపోయిన మొగుడి ఫొటోను తెర పరీక్షకు వాడుకుని వచ్చాను. ఏడవాల్సిన చోటు అది. ఏడుపు వస్తుందేమోనని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను కూడా. రాలేదు. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు గడపల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళ చేతులు వాటంతటవి పోతూనే ఉన్నాయి, చూపు ఎక్కడో ఉంది. నేనూ ఆ తీరుగానే బతుకుతున్నాననుకున్నాను.

పెళ్ళి ఎల్లారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో. వీడియో మగపెళ్ళివాళ్ళు పెట్టుకున్నారు, ఫొటోలు రెండు వైపులకూ మావే. పొద్దున సుష్మిత పసుపు, గాజులు, బాసింగం అన్నీ మామూలు లెన్స్‌తో తీశాను. అప్పుడెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆడవాళ్ళ గదిలో నేను ఎప్పుడూ ఉండేదాన్నే. ముహూర్తానికి ముందు వెంకటి వచ్చి, "యాదికున్నదా పద్మా?" అన్నాడు. ఉందన్నాను. చిన్న లెన్స్ బిగించుకుని హాలు చివరకు పోయాను.

భోజనాల గది తలుపు పట్టుకుని శాంతవ్వ నిలబడి ఉంది. కూతురు కొనిచ్చిన లేత ఆకుపచ్చ చీర. కొంగు అంచును రెండు వేళ్ళతో చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

"నువ్వు గూడ ఈడనేనా బిడ్డా?" అంది.

"ఈడనే శాంతక్కా."

"ఫొటో మంచిగ తీస్తవు గదా?"

"తీస్త."

ఆమె వెనక నిలబడి ఒకటి తీసి చూసుకున్నాను. దేవన్న దుకాణం గుమ్మంలో నేను అనుకున్నట్టే వచ్చింది. ఆమె భుజం, చెంప, చెవి దగ్గరగా ఉన్నాయి. ఆవల కుర్చీల్లో జనం తలలు, ఆ తలల పైన దూరంగా పందిరి, పందిట్లో చిన్నగా సుష్మిత. పుస్తెలు కనిపించవు, నిజమే. తల్లీ కూతురూ మాత్రం ఉన్నారు.

అప్పుడు బాజాలు మొదలయ్యాయి, హాలంతా లేచి నిలబడింది.

ముహూర్తం వేళ అందరూ అక్షింతలు పట్టుకుని లేస్తారని నాకు తెలియక కాదు. ఎనిమిదేళ్ళు పెళ్ళిళ్ళు తీసిన మనిషిని. కానీ ఆ ఎనిమిదేళ్ళూ మేం ముందు నిలబడే తీశాం. వెనక నిలబడ్డవాళ్ళకు ఏం కనిపిస్తుందో ఒక్కసారైనా చూడలేదు. ఏమీ కనిపించదు. వీపులు కనిపిస్తాయి. సఫారీ చొక్కాలు, పట్టుచీరలు, పైకెత్తిన ఫోన్లు కనిపిస్తాయి. ఎంత వెడల్పు లెన్స్ పెడితే అన్ని ఎక్కువ వీపులు కనిపిస్తాయి.

శాంతవ్వ మునివేళ్ళ మీద లేచింది. "కనవడ్తలేదు బిడ్డా. కట్టిండా?"

"ఇంక కట్టలే."

"కట్టినంక చెప్పు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, వెంకటి మీద కూడా కాదు. రాజేశం మీద. నేను చూసుకుంట తియ్ అన్నాడట. ఎలా చూసుకుంటాడో ఒక్క ముక్క చెప్పకుండా తొమ్మిది రోజులు పడుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ముందు, ఈ తల్లి ముందు నన్ను నిలబెట్టి పోయాడు. నాలుగు నెలల్లో నాకు కలిగిన మొదటి సంగతి ఆ కోపమే, ఏం చేయాలో తెలియలేదు.

శాంతవ్వ మణికట్టు పట్టుకున్నాను. "రా," అన్నాను.

"ఏడికి? నేను రాను బిడ్డా, వద్దు, ఇడువు."

కెమెరా తల మీదికి ఎత్తి, "జరుగుండ్రి, జర జరుగుండ్రి, ఫొటో, ఫొటో," అని అరిచాను.

అది రాజేశం అరుపు. ప్రతి పెళ్ళిలో, ప్రతి ముహూర్తానికి అరిచేవాడు. నా గొంతులోంచి అదే వరసలో వచ్చింది. జనం జరిగారు. వెనక్కి తిరిగి ఎవరు అని చూడలేదు, కెమెరా అని తెలిస్తే చాలు, అలవాటుగా భుజాలు పక్కకు తిప్పుకున్నారు. పెళ్ళిలో మేనమామకైనా దారి ఇవ్వరుగానీ ఫొటోకు ఇస్తారు. రాజేశం ఉంటే ఇలాగే చూసుకునేవాడు. ముహూర్తం వేళ హాలు చివరకు తిరిగి, "అమ్మా, ఫొటో, జల్ది రా," అని ఒక్క కేక వేసేవాడు. ఫొటో అన్నాక శాంతవ్వ ఆలోచించుకునేలోపే వచ్చి నిలబడేది. ఇంతే. ఇంత చిన్న సంగతి.

పందిరి మెట్టుకు రెండు అడుగుల ఇవతల శాంతవ్వ ఆగిపోయింది. చేయి విడిపించుకుంది. "గీడికి చాలు," అంది.

నాకూ చాలు. ఆ లెన్స్‌కు రెండడుగులు ఒక లెక్క కాదు. నేను మెట్టు ఎక్కాను. పురోహితుడి పక్కన, రాజేశం ఎప్పుడూ కూర్చునే చోట, ఒక మోకాలు నేల మీద ఆనించి కూర్చున్నాను. నా ముఖం దాదాపు వాళ్ళ చేతుల దగ్గర ఉంది. పెళ్ళికొడుకు వేళ్ళు, పసుపుతాడు, సుష్మిత మెడ, వెంకటి పంచె అంచు. ఎడమ మూలన, చివరికంటా, శాంతవ్వ. మూడో ముడికి సుష్మిత తల కొంచెం పక్కకు తిప్పి తల్లిని చూసింది. నొక్కాను.

తల ఎత్తితే వెంకటి నన్నే చూస్తున్నాడు. అక్షింతలున్న చేయి గాలిలో ఆగి ఉంది. ఆయన చూపు నా మీది నుంచి శాంతవ్వ మీదికి పోయింది, మళ్ళీ నా మీదికి వచ్చింది. నేను లేవలేదు. చివరకు చేయి విదిలించాడు. బియ్యం సుష్మిత మీద పడ్డాయి, పెళ్ళికొడుకు మీద పడ్డాయి, కొన్ని నా తల మీద పడ్డాయి.

మగపెళ్ళివాళ్ళలో ఒక ముసలామె "గీమె ఎవలు?" అని పక్కామెను అడగడం వినిపించింది. "ఫొటో ఆమె," అంది పక్కామె. వాళ్ళ పట్టింపు అంతటితో సరి.

వారం తర్వాత ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచడానికి వెంకటి స్టూడియోకు వచ్చాడు. కొత్త లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి ఒక్కొక్కటే చూపించాను. అన్నిటికీ తల ఊపాడు. పుస్తెల ఫొటో దగ్గర ఆగాడు. పసుపుతాడు పసుపుగా ఉంది, సుష్మిత చీర అంచు ఎరుపుగా ఉంది, మూలన శాంతవ్వ చీర లేత ఆకుపచ్చగా ఉంది.

"గీ మూలకు శాంతను గిట్ల గుంజినట్టు చేసినవేంది?"

"వెడల్పు లెన్స్ బాపు. చివరున్నోల్లను గుంజుతది."

ఆయన చాలాసేపు చూశాడు. పందిట్లోకి ఎందుకు వచ్చావని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"ఆమెను కోసేయ్యొచ్చు గదా? కంప్యూటర్‌ల అయితది గద?"

అవుతుంది. రెండు క్షణాల పని. "కాదు బాపు," అన్నాను. "మాది చిన్న సెన్సారు కెమెరా. తీసేటప్పుడే అంచులు కోసి తీస్తది. మల్ల కొయ్యరాదు."

దేవన్న వింటే నన్ను దుకాణం గడప తొక్కనివ్వడు. వెంకటి నమ్మాడో లేదో చెప్పలేను. గడ్డం గోక్కున్నాడు.

"అట్లయితే ఒక పని చెయ్. మన ఆల్బంల ఉండనీ. పిలగాని దిక్కు ఆల్బంల వద్దు. వాళ్ళు జర..."

"సరే," అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని పోయాడు. నేను తలుపు దగ్గరికి వేసి వచ్చి, రెండు ఆల్బమ్‌లలోనూ మొదటి పేజీ నిండా ఆ ఫొటోనే పెట్టాను.